నిండు సున్న: లోపలి వెలితిని గీసి చూడడం ఎలా

తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంటులో కూర్చున్నవాళ్ళకు తెలుసు, అక్కడ టైము ఎలా నడుస్తుందో. ఫోన్ కింద డిపాజిట్ చేసేసి ఉంటాం. పాలు ఇస్తారు, తాగేస్తాం. ఉప్మా ఇస్తారు, తినేస్తాం. పక్కాయనతో ఊరు, పిల్లలు, సంబంధాలు అన్నీ మాట్లాడేసుకుంటాం. ఆ తర్వాత మిగిలేది ఇనుప గ్రిల్, గోడ, మనం.

రిటైరైన రెండు నెలలకు నేను అలా ఏడు గంటలు కూర్చున్నాను. జేబులో బాల్‌పెన్ను, పాత మందుల చీటీ ఉన్నాయి. ఊరికే ఉండలేక చీటీ వెనకవైపు ఎదురుగా ఉన్న గ్రిల్ గీయడం మొదలుపెట్టాను. కమ్మీలు వంకరగా వచ్చాయి. విసుగొచ్చి వాటిని వదిలేసి, కమ్మీల మధ్య ఉన్న ఖాళీలు గీశాను. ఒక ఖాళీ, దాని పక్కన ఇంకొకటి, దాని కింద మరొకటి. ఇరవై దాకా గీసి చూస్తే గ్రిల్ దానంతటదే కాగితం మీదికి వచ్చేసింది. అంతకంటే ఆశ్చర్యం, ఆ అరగంటలో "రేపటి నుంచి ఏం చేయాలి" అన్న టెన్షన్ ఒక్కసారి కూడా తలెత్తలేదు. పక్కనున్న కుర్రాడు తొంగి చూసి "ఏంనా, ఇంజినీరా నువ్వు?" అన్నాడు. కాదబ్బా అన్నాను.

ఇప్పటికి రెండేళ్ళయింది. దాదాపు రోజూ గీస్తున్నాను. బొమ్మలు వేయడం ఇప్పటికీ రాదు. అందుకే ఇది రాస్తున్నాను. బొమ్మలు వచ్చినవాళ్ళకు ఈ పద్ధతి కొంచెం కష్టం, బాగా రావాలనే ఆశ వాళ్ళను వదలదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం

కుండ వెలితిగా ఉందంటే నిండడానికి ఇంకా కాస్త తక్కువుందని. అంటే వెలితి అనే మాటలోనే అంచు ఉంది. ఇక్కడిదాకా ఉండాలి, లేదు అని. ఖాళీ అలా కాదు. ఖాళీ స్థలం, ఖాళీ సీటు, ఖాళీ గిన్నె అన్నప్పుడు ఎవరికీ బాధ లేదు. శూన్యం ఇంకా పెద్ద మాట, దాన్ని గుళ్ళోనో పుస్తకంలోనో తప్ప వాడం. పొద్దున పదకొండు గంటలకు ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఛాతీలో ఏదో తీసేసినట్టు ఉంటుంది చూడండి, దాన్ని శూన్యం అని గౌరవించాల్సిన పని లేదు. అది వెలితి. దాన్ని టీవీతోనో, ఫోన్‌తోనో, రెండోసారి కాఫీతోనో పూడ్చేస్తాం. పూడ్చేయడం వల్ల దాని అంచు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు. ఈ అభ్యాసంలో చేసేదల్లా పూడ్చకుండా దాని అంచు గీయడం.

ఒక జాగ్రత్త. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి మీద ధ్యాస పోతే, బతకడం ఎందుకు అనే ఆలోచన వస్తుంటే, పెన్సిల్‌తో కూర్చోవడం దానికి మందు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. తిరుపతిలో రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇంట్లో నుంచే మాట్లాడాలంటే 14416 కు ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలి మానస్ నంబరు, ఉచితం. తర్వాత కావాలంటే పెన్సిల్ కూడా పట్టుకోవచ్చు.

ఏం కావాలి

చాలా తక్కువ. జెరాక్స్ షాపులో వాడే ఏ4 కాగితాలు, 75 జీఎస్ఎం చాలు. మంచి డ్రాయింగ్ పుస్తకం కొనకండి. ఖరీదైన కాగితం ముందు చెయ్యి భయపడుతుంది. నేను మొదట్లో గాంధీ రోడ్డులో మందపాటి స్కెచ్ పుస్తకం ఒకటి కొన్నాను. మొదటి పేజీ పాడవుతుందని నెలరోజులు దాన్ని తెరవలేదు.

పెన్సిల్ టూబీ అయితే బాగుంటుంది. పెన్సిల్ మీద హెచ్ అంటే గట్టిది, బీ అంటే నల్లనిది. టూబీ మెత్తగా నడుస్తుంది, ఎక్కువ నొక్కక్కర్లేదు. బాల్‌పెన్ అయినా పర్వాలేదు. రబ్బరు మాత్రం ఇంటిల్లిపాదిలో ఎవరి దగ్గరున్నా గీసే ఆ కాసేపు మీకు ఇవ్వొద్దని చెప్పండి. చెరపడం మొదలుపెడితే తీర్పు మొదలైనట్టే.

ఇంకాస్త సరదా ఉన్నవాళ్ళకు: శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్ళు గుడ్డ మీద మొదటి గీతలు చింతపుల్లల బొగ్గుతో వేస్తారు. అది ఇంట్లో చేసుకోవచ్చు. పెన్సిల్ మందం ఉన్న ఎండు చింతపుల్లల్ని బెత్తెడు ముక్కలుగా విరిచి, మూత ఉన్న పాత రేకు పాలడబ్బాలో నిలువుగా దట్టంగా పేర్చండి. మూతకు మేకుతో ఒక చిన్న చిల్లు పెట్టండి. ఆరుబయట కుంపటి నిప్పుల మీద పెడితే చిల్లులో నుంచి పొగ వస్తుంది. పొగ పూర్తిగా ఆగాక దించి, బాగా చల్లారిందాకా మూత తీయకండి. ముందే తీస్తే గాలి తగిలి అంతా అంటుకుని బూడిదవుతుంది. గాలి అందకుండా కాల్చడంలోనే ఉంది కిటుకు. ఈ బొగ్గు గీత మెత్తగా, పొడిగా ఉంటుంది, ఉఫ్ అంటే సగం లేచిపోతుంది. నాకు అదే నచ్చింది.

ఎప్పుడు, ఎక్కడ

ఇరవై నిమిషాలు. అంతకంటే ఎక్కువ మొదట్లో వద్దు. తెల్లవారుజామున అని అందరూ చెబుతారు, నేను చెప్పను. వెలితి మిమ్మల్ని ఎప్పుడు పట్టుకుంటుందో ఆ టైముకే కూర్చోండి. నాకు పదకొండు గంటలు. ఆఫీసులో అది రద్దీ వేళ. మీకు సాయంత్రం దీపాలు పెట్టే వేళ కావచ్చు, ఆదివారం మధ్యాహ్నం కావచ్చు.

చోటు గురించి మరీ పట్టింపు వద్దు. వసారా, మిద్దె మీద నీడ, వంటింటి గట్టు. మా మిద్దె మీద నుంచి శేషాచలం కొండ అంచు కనిపిస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో తిరుపతి మిద్దె మీద పదకొండు గంటలకు కూర్చుంటే ధ్యానం కాదు, వడదెబ్బ. ఆ రెండు నెలలూ లోపలే. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. టైము చూసుకోవడానికి గోడ గడియారం చాలు.

మొదటి వారం: సున్నలు

చిన్నప్పుడు పలక మీద అ ఆ లు దిద్దకముందు సున్నలు చుట్టించేవాళ్ళు, గుర్తుందా? మళ్ళీ అక్కడి నుంచే మొదలు. మన అక్షరాల్లో ఉన్న సున్నకు మనవాళ్ళు పెట్టిన పేరు చూడండి, నిండు సున్న. సగం అయితే అరసున్న. ఏమీ లేనిదాన్ని నిండు అని పిలిచిన భాష మనది. బడిలో ఎన్నిసార్లు విన్నా ఇది తట్టలేదు నాకు. అరవై దగ్గర పడ్డాక తట్టింది.

చేయాల్సింది ఇది. కాగితం అడ్డంగా పెట్టుకోండి. నిటారుగా కూర్చుని మూడుసార్లు మామూలుగా ఊపిరి తీసుకోండి. నాలుగోసారి ఊపిరి వదులుతూ ఒక సున్న చుట్టండి, అరచేతి అంత పెద్దది. గీత ఊపిరితో మొదలై ఊపిరితో అయిపోవాలి. మణికట్టు తిప్పితే చిన్న సున్న వస్తుంది, భుజం నుంచి చెయ్యి కదిలిస్తే పెద్దది వస్తుంది. భుజంతోనే చుట్టండి. ఊపిరి అయిపోయేసరికి సున్న కలవకపోతే అలాగే వదిలేయండి. కలపడానికి గీత పొడిగించకండి.

తర్వాత పెన్సిల్ కింద పెట్టి ఆ సున్న లోపలి తెల్లటి భాగాన్ని మూడు ఊపిరులసేపు చూడండి. గీత ఎలా వచ్చిందో చూడకండి, లోపల చూడండి. అసలు పని ఇదే, చుట్టడం కేవలం దానికోసం. తర్వాత ఇంకో కాగితం, ఇంకో సున్న. రోజుకు పది.

జపాన్‌లో జెన్ సన్యాసులు కుంచెతో ఒకే ఊపులో ఇలాంటి వలయం గీస్తారు, దాన్ని ఎన్సో అంటారు. కొన్ని మూసుకుని ఉంటాయి, కొన్నిటికి నోరు తెరిచి ఉంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో హకుయిన్ అనే జెన్ గురువు గీసిన బొమ్మలు ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి. వాళ్ళకు దాని వెనక ఏళ్ళ సాధన ఉంది. మనం చేసేది అది అని చెప్పుకోవడం అబద్ధం. మనది పలక మీది సున్నే.

మూడో రోజుకు విసుగొస్తుంది. నాకు రెండో రోజే వచ్చింది. మా ఆవిడ కాగితాలు చూసి "ఏందండీ ఇది, ఒంట్లో బాగుండ్లేదా?" అంది. విసుగు వచ్చినప్పుడు ఆపొద్దు, సున్న ఇంకా నెమ్మదిగా చుట్టండి. విసుగు అనేది వెలితికి కాపలాదారు లాంటిది. వాడు గుమ్మంలో లేచి నిలబడ్డాడంటే లోపల ఏదో ఉన్నట్టు.

రెండో వారం: కాగితం చూడకుండా

ఒక వస్తువు ఎదురుగా పెట్టుకోండి. ఇత్తడి చెంబు, వేపరెమ్మ, మీ ఎడమ చెయ్యి, ఏదైనా సరే. చూపును దాని అంచు మీద ఒకచోట ఆనించండి. పెన్సిల్ కొన కాగితం మీద పెట్టండి. ఇప్పుడు చూపు అంచు వెంట చీమలా నడవాలి, పెన్సిల్ అదే వేగంతో నడవాలి. కాగితం వైపు అసలు చూడొద్దు. చెంబు చుట్టూ తిరిగి రావడానికి ఐదు నిమిషాలు పట్టాలి. రెండు నిమిషాల్లో అయిపోయిందంటే మీరు చెంబును చూడలేదు, "చెంబు" అనే మాటను గీశారు.

చివరకు కాగితం చూస్తే నవ్వొస్తుంది. మూతి ఒకచోట, అడుగు ఒకచోట ఉంటుంది. బాగుంది, అలాగే రావాలి. ఈ పని చేస్తున్నంతసేపు తలలో మాటలు తగ్గడం మీరే గమనిస్తారు. పేరు పెట్టకుండా చూడడం గురించి జీవితమంతా మాట్లాడిన జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మన మదనపల్లెలోనే, 1895లో. ఆయన ప్రసంగాలు విన్నప్పుడు నాకు సగం అర్థమయ్యేది కాదు. చెంబు అంచు వెంట నడిచిన ఐదు నిమిషాల్లో కొంచెం అర్థమైంది.

ఈ వారం గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. రోజూ ఒకే వస్తువు గీయండి, మార్చకండి.

మూడు, నాలుగు వారాలు: ఉన్నదాన్ని వదిలి లేనిదాన్ని గీయడం

ఇది గుండెకాయ. ఇక్కడ తొందరపడితే మిగతాదంతా దండగ.

వేపచెట్టు కింద నుంచి పైకి చూడండి. కొమ్మల మధ్య ఆకాశం ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. ఒక ముక్కను ఎంచుకోండి, చుట్టూ కొమ్మలు మూసి ఉన్న ముక్క అయితే సులువు. అది ఏ ఆకారంలో ఉంది? ఒకవైపు కొస తేలి, ఇంకోవైపు గుండ్రంగా ఉందేమో. దాన్ని కాగితం మధ్యలో గీయండి. కొమ్మ గీస్తున్నాను అనుకోకండి, ఆకాశం ముక్కను గీస్తున్నాను అనుకోండి. తర్వాత దాన్ని ఆనుకుని ఉన్న ముక్క. రెండిటి మధ్య కొమ్మ మందం అంత సందు వదలండి. అలా ఎనిమిది, పది ముక్కలు అయ్యేసరికి, మీరు ఒక్క కొమ్మ కూడా గీయకుండానే కొమ్మలు కాగితం మీద ఉంటాయి.

ఎందుకు ఇలా? కొమ్మ ఎలా ఉంటుందో మన బుర్రకు ముందే తెలుసు, అందుకే చూడకుండానే గీసేస్తుంది. కొమ్మల మధ్య ఖాళీ ఎలా ఉంటుందో దానికి తెలియదు. దానికి పేరు లేదు. కాబట్టి చూడక తప్పదు. బొమ్మలు నేర్పే బళ్ళలో దీన్ని చూపు సరిచేయడానికి వాడతారు. మనకు కావలసింది ఇంకొకటి, లేనిదాని మీద ఇరవై నిమిషాలు భయపడకుండా చూపు నిలపడం. ఇది చెట్టు మీద అలవాటైతే తర్వాత మన మీద చేయొచ్చు.

చెట్టు లేకపోతే కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీ, చెంబు చెవికీ చెంబుకూ మధ్య ఖాళీ, దండెం మీద చొక్కాల మధ్య ఖాళీ. మా ఊళ్ళో దీనికి దొరికే చోట్లకు కొదవ లేదు. గోవిందరాజస్వామి గోపురం మీద బొమ్మల మధ్య పావురాలు దూరే సందులు గీయొచ్చు. చంద్రగిరి కోటలో రాజమహల్ తోరణాల కింద ఖాళీ గీయొచ్చు, కిందంతా నీడ, పక్కనే పచ్చగడ్డి, ఎవరూ కదిలించరు.

అన్నిటికంటే నాకు ఇష్టమైంది తిరుమల మీది శిలాతోరణం. చక్రతీర్థం దగ్గర, గుడికి ఉత్తరంగా కిలోమీటరు దూరం. గాలీ నీళ్ళూ మెత్తటి రాయిని తినేస్తే గట్టి రాయి తోరణంలా మిగిలింది. జనం అక్కడికి వెళ్ళి రాయి ముందు నిలబడి ఫోటో దిగుతారు. నిజానికి చూడడానికి వెళ్ళింది చిల్లును. రాయి కొండంతా ఉంది. ఆ చిల్లు ఒక్కటే అక్కడ ఉంది. దాన్ని గీయండి, కమ్మీ కంచె ఇవతల నుంచే కనిపిస్తుంది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఘాట్ రోడ్డులో కొండను కోసినచోట కింద పాత గ్రానైటు లాంటి రాయి, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్జైట్ రాయి కనిపిస్తాయి. రెండిటి మధ్య ఒక గీత. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కింది రాయికీ పై రాయికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ళ తేడా. ఆ 80 కోట్ల ఏళ్ళకు సంబంధించిన రాయి అక్కడ లేదు. ఉన్నది గీత మాత్రమే. జియలాజికల్ సర్వే దాన్ని జాతీయ భూగర్భ స్మారకంగా గుర్తించింది. ముప్పై ఏళ్ళు ఆ దారిలో బస్సులో పోతూ వాంతి రాకుండా కళ్ళు మూసుకునేవాణ్ణి. ఇప్పుడు కిటికీ పక్కన కూర్చుంటున్నాను.

శూన్యం గురించి ఆచార్య నాగార్జునుడు చెప్పిన సంగతి కూడా ఈ వారాల్లోనే కాస్త పట్టుబడుతుంది. ఆయన చెప్పిన శూన్యత ఏమీ లేకపోవడం గురించి కాదు. ఏ వస్తువూ తనంతట తాను విడిగా నిలబడదు, ఒకదాన్ని పట్టుకుని ఇంకొకటి ఉంటుంది అని. కొమ్మ లేకపోతే ఆ ఆకాశం ముక్క లేదు. ఆ ముక్క లేకపోతే కొమ్మకు అంచు లేదు. పుస్తకంలో చదివితే తల తిరుగుతుంది, పెన్సిల్‌తో అయితే అంత తిరగదు.

మధ్యలో ఒక విరామం: మెలికల ముగ్గు

ఖాళీలు గీసి గీసి కళ్ళు అలిసిపోతాయి. వారానికి ఒకరోజు ముగ్గు వేయండి. మగవాళ్ళు నామోషీ పడక్కర్లేదు, కాగితం మీద వేసుకోవచ్చు. మా అమ్మ మెలికల ముగ్గు వేస్తుంటే గీత ఏ చుక్కనూ తాకేది కాదు. అన్ని చుక్కల్నీ చుట్టి వచ్చేది. తాకకుండా చుట్టడం, అంతే ఆ ముగ్గు.

మూడు వరసలు, వరసకు నాలుగు చుక్కలు పెట్టండి. పై వరసలో మొదటి, రెండో చుక్కల మధ్య సరిగ్గా నడుమ పెన్సిల్ పెట్టి ఏటవాలుగా కుడివైపు కిందికి రండి. రెండో చుక్క కిందుగా, తర్వాత రెండో వరసలో రెండో, మూడో చుక్కల మధ్య నుంచి, ఆ మూడో చుక్క కిందుగా, తర్వాత కింది వరసలో మూడో, నాలుగో చుక్కల మధ్య నుంచి బయటికి. అక్కడ మూల చుక్కను చుట్టి మళ్ళీ లోపలికి ఏటవాలుగా. ఎప్పుడూ రెండు పక్కపక్క చుక్కల నడుమ నుంచే పోవాలి, బయటికి వచ్చినప్పుడల్లా చివరి చుక్కను చుట్టి వెనక్కి రావాలి. పెన్సిల్ ఎత్తకుండా వెళితే అన్ని చుక్కల్నీ చుట్టి మొదలుపెట్టిన చోటికే చేరుతుంది.

ఇది 3, 4 కు కుదురుతుంది. అదే నాలుగు వరసలు, వరసకు నాలుగు చుక్కలు పెడితే ఒకే గీత రాదు, నాలుగు విడి గీతలు వస్తాయి. వరసల సంఖ్యకూ చుక్కల సంఖ్యకూ గ.సా.భా., అంటే రెండిటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య, ఎంతో అన్ని గీతలు. చిన్నప్పుడు బళ్ళో గ.సా.భా. చెప్పిన అయ్యవారు ఇంటిముందు ముగ్గును చూపించి ఉంటే లెక్కల్లో నాకు ఆ గతి పట్టేది కాదు.

ఐదో వారం: వెలితి అంచు

ఇప్పుడు అసలు సంగతి. కాగితం ముందు పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ తీసేసినట్టు ఉండే చోటు ఒంట్లో ఎక్కడుందో చూడండి. ఛాతీలోనా, గొంతులోనా, పొట్టలోనా. ఎందుకు అని అడగకండి. ఎక్కడ, ఎంత, అంచు గట్టిదా మెత్తదా, పైన మూసి ఉందా తెరిచి ఉందా, ఇవి మాత్రం అడగండి. వేపకొమ్మల మధ్య ముక్కను అడిగినట్టే.

కళ్ళు తెరిచి పెన్సిల్ పక్కకు వాల్చి, కాగితం నాలుగు అంచుల నుంచి మధ్యకు నలుపు వేసుకుంటూ రండి. పొడుగాటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి. మధ్యలో వెలితి ఉన్నంతమేర తెల్లగా వదిలేయండి. దాన్ని గీయొద్దు, దాని చుట్టూ గీయండి. చెయ్యి ఎక్కడ ఆగాలనుకుంటే అక్కడ ఆపండి. పగిలిన గుండె, ఏడుస్తున్న కన్ను లాంటి బొమ్మలు వేయాలనిపిస్తుంది. అవి సినిమా పోస్టర్ల నుంచి వచ్చినవి, మీవి కావు. వదిలేయండి.

అయ్యాక మూడు ఊపిరులసేపు తెల్లటి భాగాన్ని చూడండి. మొదటి వారం సున్నల్లో చూసినట్టే. అర్థం చెప్పుకోకండి. వెనక తేదీ వేసి పక్కన పెట్టండి. ఇదే మళ్ళీ రేపు. వారం, పది రోజులు.

నాకు ఏం వచ్చిందో చెబుతాను. మొదటి రోజు కింద చదునుగా, పైన గుండ్రంగా ఒక ఆకారం. సమాధి రాయిలా ఉందని భయపడ్డాను. రెండో రోజూ అదే. ఐదో రోజుకు కొంచెం కిందికి దిగింది, ఆకారం మాత్రం మారలేదు. తొమ్మిదో రోజు కరెంటు బిల్లు కట్టడానికి లైన్లో నిలబడ్డాను. ఎదురుగా అద్దానికి కోసిన కంత. కింద చదును, పైన గుండ్రం. అందులో నుంచి డబ్బులు లోపలికి పెట్టాను, రసీదు బయటికి వచ్చింది. నేను 31 ఏళ్ళు కూర్చున్నది అలాంటి కంతకు అవతలే. ఆ కంతలో నుంచి జనం చేతులు, కాగితాలు, "సార్ సార్" అనే గొంతులు వచ్చేవి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ అవి ఎప్పుడు ఆగుతాయా అని ఎదురుచూసేవాణ్ణి.

దాంతో వెలితి పోయిందా అంటే, పోలేదు. పదకొండు గంటలకు ఇప్పటికీ వస్తుంది. కాకపోతే దాని కొలత తెలుసు. అడుగున్నర వెడల్పు ఉంటుంది.

మీకు ఏ ఆకారమూ రాకపోవచ్చు. కాగితమంతా నల్లగా అయిపోవచ్చు, లేక మొత్తం తెల్లగానే వదలాలనిపించవచ్చు. రెండూ సరే. పదిరోజుల కాగితాలు నేల మీద వరసగా పరిచి చూస్తే ఏదో కదిలినట్టు కనిపిస్తుంది. కనిపించకపోతే మళ్ళీ వేపచెట్టు దగ్గరికి వెళ్ళండి.

చిన్న చిన్న చిక్కులు

ఏడుపు వస్తే రానివ్వండి, పెన్సిల్ పక్కన పెట్టి మొహం కడుక్కుని మంచినీళ్ళు తాగి, ఒక సున్న చుట్టి ఆ రోజుకు ముగించండి. అది రోజూ జరుగుతుంటే ఈ ఐదో వారం పని ఆపేసి, పైన చెప్పిన నంబరుకు ఫోన్ చేయండి.

నిద్ర వస్తే నిలబడి గీయండి, కాగితాన్ని గోడకు అంటించి. చెయ్యి నొప్పి పుడితే గట్టిగా పట్టుకుంటున్నారని అర్థం. కలంకారీ కలం చూడండి, వెదురుపుల్లకు గుడ్డో ఉన్నో చుట్టి దారంతో బిగిస్తారు. రంగు అందులో ఉంటుంది, వేళ్ళతో కొంచెం అదిమితే చాలు దిగుతుంది. గట్టిగా అదిమితే గుడ్డ మీద మరక. పెన్సిల్‌ను కూడా అంతే వదులుగా పట్టుకోండి.

శ్రీకాళహస్తి గుడికి వెళితే గర్భగుడిలో ఒక దీపం రెపరెపలాడుతూ కనిపిస్తుంది. అది వాయులింగం కదా. గాలిని ఎవరూ గీయలేరు, వాలిన మంటను గీయొచ్చు. ఇంట్లో ఫ్యాన్ ఆపి, దేవుడి దీపం ముందు కూర్చుని, మంట వాలినప్పుడల్లా పక్కన ఏర్పడే చీకటి ఆకారం గీసి చూడండి. కుదరదు. అయినా ఇరవై నిమిషాలు ఎలా పోయాయో తెలియదు.

ఇంట్లోవాళ్ళు చూపించమంటారు. చూపించకండి. "బాగుంది" అన్నా ఇబ్బందే, "ఇదేంది" అన్నా ఇబ్బందే. ఫోన్‌లో ఫోటో తీసి ఎవరికీ పంపకండి, స్టేటస్ అసలే వద్దు. మా ఆవిడ ఇప్పుడు అడగడం మానేసింది. పదకొండు గంటలకు కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోతుంది.

కాగితాలు నెలకు ఒకసారి చూసి పది ఉంచుకుని మిగతావి పాత పేపర్లతో వేసేయండి. ఉంచిన వాటి వెనక తేదీతో పాటు ఆ రోజుకు ఒక్క మాట రాయండి, ఒక్కటే. ఆలోచించి రాయకండి, మొదట ఏది తడితే అది. నా దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ వాటి వెనక "ఉక్క" అని ఉంది.